జస్ట్ మైగ్రేషనే కదా.. అనేవాళ్ళకి

మొన్న మంగళవారం మా డామేజరు గారి దగ్గర్నుంచి ఒక మెయిలొచ్చింది (అచ్చుతప్పు కాదు లెండి, పాత జోకే). ఒక క్లయింటు దగ్గర వీసెంటర్ 7 ఇంకా నడుస్తోందిట. దానికి 2025 అక్టోబర్ 2తోనే మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి కొత్త సర్వర్ మీద 8కి మార్చాలిట. వచ్చే శనివారం రాత్రి ఆరు గంటల విండో దొరికిందిట. ఒక్క మనిషి చాలుట. ఇంతవరకూ బానే ఉంది. మెయిలు చివర్లో ఒక ముక్క తగిలించారు చూశారూ.. "జస్ట్ మైగ్రేషనే కదా!"

ఒళ్ళు మండిపోయింది. ఆ 'జస్ట్'కీ ఆ 'కదా'కీ మధ్యలో నలిగి ఒక కుర్రాడి ఉద్యోగం పోయిన సంగతి నాకు తెలుసు. తెలియడమేమిటి, అందులో నా చెయ్యి కూడా ఉంది. అందుకే ఈ గోలంతా. కోపంలో రాస్తున్నాను, ఎక్కువ తక్కువలుంటే సర్దుకోండి.

వీసెంటర్ అంటే తెలియని డెవలపర్ మిత్రుల కోసం ముందు నాలుగు ముక్కలు (మీకు తెలియక్కర్లేదు కూడా, వీఎం కావాలంటే ఒక టికెట్ పడేస్తారు, అది ఆకాశంలోంచి ఊడిపడుతుంది). వీఎంలు నిజంగా నడిచేది ఈఎస్ఎక్స్ఐ అనే హోస్టుల మీద. ఆ హోస్టులన్నిటికీ లెక్కలు రాసే కరణం లాంటిది వీసెంటర్. మా తాతయ్య చెప్పేవారు, 1984లో ఎన్టీఆర్ కరణాల వ్యవస్థని రద్దు చేసినప్పుడు మా ఊళ్ళో ఒక్క మడి కూడా ఎండలేదట. వరి వరిలాగే పండింది. కానీ ఏ గట్టు ఎవరిది, ఏ సర్వే నంబరు మీద బ్యాంకు అప్పు ఉంది, ఆ పుస్తకాలన్నీ ఎవరింటి అటక మీదున్నాయి అన్నది తేల్చుకునేసరికి మాత్రం తలప్రాణం తోకకొచ్చిందట. వీసెంటర్ కథా అదే. అది ఆగితే వీఎంలు ఆగవు. ఒక హోస్టు చస్తే అందులోని వీఎంలని ఇంకో హోస్టు మీద లేపే హెచ్ఏ కూడా ఆగదు, ఎందుకంటే దాని ఏజెంటు ప్రతి హోస్టులోనూ ఉంటుంది. ఆగేవి వేరే ఉన్నాయి. వీమోషన్ ఆగుతుంది. లోడు చూసి వీఎంలని సర్దే డీఆర్ఎస్ ఆగుతుంది. టెంప్లేటు నుంచి కొత్త వీఎం పుట్టడం ఆగుతుంది. వీసెంటర్‌ని అడిగి తన పని చేసుకునే ప్రతి సాఫ్ట్‌వేరూ ఆగుతుంది. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక 2022కి వెళ్దాం.

అప్పటికి ఇంకా కొంతమంది దగ్గర వీసెంటర్ విండోస్ సర్వర్ మీదే ఉండేది. వీఎంవేర్ వాళ్ళు 2011లోనే, వెర్షన్ 5తో పాటు, లినక్స్ మీద నడిచే అప్లయెన్సు ఇచ్చారు. 2017లో 'విండోస్‌ది ఇక ఆపేస్తాం' అని ముందే చెప్పారు. 2020 ఏప్రిల్‌లో 7 వచ్చేసరికి అన్నంత పనీ చేశారు. 6.5కీ 6.7కీ సపోర్టు 2022 అక్టోబర్ 15న అయిపోయింది. అంటే కంపెనీలకి ఐదేళ్ళ టైమిచ్చారు. మా యూరప్ క్లయింటు ఒకాయన ఆ ఐదేళ్ళూ హాయిగా నిద్రపోయి, 2022 సెప్టెంబరులో ఒళ్ళు విరుచుకుంటూ లేచాడు. నలభై హోస్టులు, తొమ్మిది వందల పైచిలుకు వీఎంలు, విండోస్ మీద 6.5. దీన్ని కొత్త అప్లయెన్సు మీద 7కి మార్చాలి.

పని మా టీముకొచ్చింది. నేను లీడు (పేరుకే, పేస్లిప్పులో కనపడదు :-)). నాతోపాటు ఒక కరీంనగర్ కుర్రాడు. ఏడాదిన్నర అనుభవం, కాంట్రాక్టు మీదున్నాడు, లాగ్ ఫైళ్ళు నవల చదివినట్టు చదువుతాడు.

టూలు నిజానికి మంచిదే, నేను దాన్ని ఒక్క మాట అనను. పాత విండోస్ మీద మైగ్రేషన్ అసిస్టెంట్ అని ఒక చిన్న ప్రోగ్రాము నడిపిస్తాం. కొత్త అప్లయెన్సు ముందు ఒక తాత్కాలిక ఐపీతో లేస్తుంది. పాతదాన్లోంచి డేటా లాక్కుంటుంది. పాతది షట్‌డౌన్ అవుతుంది. అప్పుడు కొత్తది పాతదాని పేరు, ఐపీ, సర్టిఫికెట్లు, యాక్టివ్ డైరెక్టరీలో దాని ఖాతా.. అన్నీ తొడుక్కుని 'నేనే వాణ్ణి' అని నిలబడుతుంది. అచ్చంగా పరకాయ ప్రవేశం. పరకాయ ప్రవేశం చేసేవాడు పాత శరీరాన్ని జాగ్రత్తగా దాచుకోకపోతే ఏమవుతుందో మన కథలన్నీ చెప్తూనే ఉన్నాయి. కార్పొరేట్ భాషలో ఆ దాచుకోవడం పేరు రోల్‌బ్యాక్.

మా ఛేంజ్ ఫారంలో ఒక గడి ఉంటుంది. 'రోల్‌బ్యాక్ వెరిఫైడ్?' అని. ఎస్ అనాలి, లేదా నో అనాలి. నో అంటే ఫారం ముందుకి కదలదు, ఇద్దరు డైరెక్టర్ల దగ్గర ప్రత్యేకంగా సంతకం తెచ్చుకోవాలి. ఫారం నింపుతూ కుర్రాడు నన్నడిగాడు, "అన్నా, గిది ఏం పెట్టాలె? మనం టెస్ట్ చెయ్యలేదు గదా?"

నేనేమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "ఎస్ పెట్టేయ్ తమ్ముడూ, అందరూ అదే పెడతారు."

పెట్టాడు. ఫారం కింద పేరు వాడిది.

టెస్ట్ ఎందుకు చెయ్యలేదంటారా? నేను అడగకపోలేదు. పాత వీసెంటర్‌కీ ఒక డొమైన్ కంట్రోలర్‌కీ క్లోన్లు తీసి, బయటికి దారిలేని ఒక నెట్‌వర్కులో పెట్టి, ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ నడిపి చూడ్డానికి రెండు రోజులు అడిగాను. "రెండ్రోజులు బిల్లు ఎవరికెయ్యాలి? టూల్ అంతా అదే చేస్తుందిగా, జస్ట్ మైగ్రేషనే కదా" అన్నారు. ఆ మాట మొదటిసారి విన్నది అప్పుడే. సరే అనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం మనకి వెన్నతో పెట్టిన విద్య.

ఇంకో వెధవ పని కూడా చేశాను. డేటా తెచ్చుకునేటప్పుడు టూలు మూడు రకాలు అడుగుతుంది. కాన్ఫిగరేషన్ ఒక్కటే చాలా, పాత ఈవెంట్లూ టాస్కులూ కూడా కావాలా, లేక పెర్ఫార్మెన్సు గ్రాఫులతో సహా మొత్తం కావాలా అని. క్లయింటు మెయిల్లో 'డేటా లాస్ ఉండరాదు' అని ఎర్ర రంగులో రాశాడు. పోయినేడాది మార్చిలో ఫలానా వీఎం సీపీయూ ఎంత తిన్నదో ఈ భూమ్మీద ఎవ్వడికీ అక్కర్లేదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా భయపడి మొత్తం కావాలనే నొక్కాను.

వాళ్ళ శనివారం రాత్రి 10 గంటలు, మనకి ఆదివారం తెల్లవారుజామున 1:30. మొదలుపెట్టాం. డేటా కాపీ అవడానికే నాలుగున్నర అయింది. పాత విండోస్ షట్‌డౌన్ అయింది. కొత్తది పాత పేరుతో లేచింది. పాత డేటాని దిగుమతి చేసుకోవడం మొదలెట్టింది. ఆ బారు చూస్తే కదలదు. ఐదున్నర. ఆరున్నర. ఏడుంబావుకి బ్రిడ్జి కాల్లో పద్నాలుగు మందున్నారు, అందులో పన్నెండు మందికి ఏం జరుగుతోందో తెలియదు. విండో ఏడున్నరకి అయిపోతుంది. "రోల్‌బ్యాక్ చేసెయ్యండి" అని ఒక గొంతు.

కుర్రాడు మ్యూట్ తీసి చెప్పాడు, "సర్, లాగ్ కదులుతున్నది. ఇంకో గంట ఆగితే అయిపోతది సర్."

ఎవరూ వినలేదు. నేను విన్నాను, కానీ నోరు తెరవలేదు.

రోల్‌బ్యాక్ అంటే కాగితం మీద రెండు వాక్యాలే. కొత్తది ఆపు, పాతది ఆన్ చెయ్యి. పాతది ఏ హోస్టు మీద ఉందో తెలియాలి కదా? అది చెప్పే వీసెంటరే లేదు. నలభై హోస్టుల్లోకీ ఒక్కొక్కదాన్లోకి లాగిన్ అయి వెతకాలి. ఆ హోస్టు పేరు కుర్రాడు ముందే తన నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాడు. నాకైతే ఆ ఆలోచనే రాలేదు. ఆన్ చేశాం. విండోస్ లేచింది. డొమైన్ అకౌంటుతో లాగిన్ కొడితే, 'ఈ మెషీనుకీ డొమైనుకీ నమ్మకం తెగిపోయింది' అంది. తెగదా మరి? యాక్టివ్ డైరెక్టరీలో దాని ఖాతాని కొత్త అప్లయెన్సు తొడుక్కుని కూర్చుంది. ఇలాంటప్పుడు మెషీనుని మళ్ళీ డొమైన్లో చేర్చాల్సి రావచ్చని వీఎంవేర్ వాళ్ళ డాక్యుమెంటులోనే ఉంది. చేర్చాలంటే లోపలికెళ్ళాలి. వెళ్ళాలంటే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. ఆ పాస్‌వర్డు పెట్టిన మహానుభావుడు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. వాల్టులో ఉన్నది పని చెయ్యలేదు.

ఇక మొదలైంది అసలు జాతర. విండోస్ ఐఎస్ఓ వెతికి, వీపీఎన్ మీద నత్తలా డేటాస్టోరులోకి ఎక్కించి, దానితో బూట్ చేసి, పాస్‌వర్డు మార్చి, డొమైన్లో మళ్ళీ చేర్చి, సర్వీసులన్నీ లేచేసరికి మనకి మధ్యాహ్నం రెండున్నర. వాళ్ళకి ఉదయం 11.

'వీఎంలు ఆగవన్నావుగా, మరి నష్టమేంటి?' అంటారా? ఆ ఆఖరి ముక్క గుర్తుందా? ఆ క్లయింటుకి ఒక కాల్ సెంటరుంది. అక్కడివాళ్ళు వర్చువల్ డెస్క్‌టాపుల మీద పని చేస్తారు. ఒకరు లాగౌట్ అవగానే వాళ్ళ డెస్క్‌టాపుని చెరిపేసి, ఇంకొకరికి కొత్తది పుట్టిస్తుంది ఆ సాఫ్ట్‌వేరు. పుట్టించేది వీసెంటర్ని అడిగే. రాత్రి షిఫ్టు వాళ్ళు లాగౌట్ అయ్యారు, డెస్క్‌టాపులు పోయాయి, కొత్తవి పుట్టలేదు. ఉదయం 7 షిఫ్టు వాళ్ళు అరవై మంది దాకా కుర్చీల్లో కూర్చుని గోళ్ళు గిల్లుకున్నారు. ఆ కాల్ సెంటరు వీసెంటర్ మీద ఆధారపడిందని మా ప్లానులో ఎక్కడా లేదు. మాకు చెప్పినవాడు లేడు, మేము అడిగింది లేదు.

తర్వాత ఆర్‌సీఏ. 'ఐదు ఎందుకులు' అని ఒక పద్ధతుంది, ఒక్కో జవాబుకీ మళ్ళీ ఎందుకు అని అడుగుతూ పోతే అసలు కారణం దొరుకుతుందిట. మన దగ్గర ఆ ఎందుకులు ఎప్పుడూ కిందికే దిగుతాయి, పైకి ఎక్కవు. మొదటి ఎందుకు క్లయింటు దగ్గర మొదలైంది, ఐదోది జీతం అందరికన్నా తక్కువ ఉన్నవాడి దగ్గర ఆగింది. 'ఇంజనీరు ఛేంజ్ ఫారంలో తప్పు సమాచారం ఇచ్చాడు. హ్యూమన్ ఎర్రర్.'

ఆ వాక్యం టైపు చేసింది నేను. పైనుంచి డ్రాఫ్టు వచ్చింది, నిజమే. కానీ వేళ్ళు నావి. ఎస్ పెట్టమన్నది నేనేనని అందులో రాయలేదు. ఇయర్ ఎండ్ రేటింగు, ఆన్‌సైటు అవకాశం, ఇంటి ఈఎంఐ.. కారణాలకేం, బోలెడు. రెండు వారాల్లో వాణ్ణి ప్రాజెక్టులోంచి తీసేశారు. కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళేరోజు కాఫీ మిషను దగ్గర కనపడితే నేనేదో నసిగాను. "లైట్ తీస్కో అన్నా" అన్నాడు. నాలుగు తిట్టినా బావుండేది.

ఇందులో అసలు కామెడీ ఏమిటంటే, మూడు వారాల తర్వాత అదే పనిని మళ్ళీ చేశాం. ఈసారి టెస్ట్ చెయ్యడానికి రెండు కాదు, మూడు రోజులిచ్చారు. బిల్లు ఎవరికెయ్యాలని ఎవరూ అడగలేదు. కాన్ఫిగరేషన్ ఒక్కటే తెచ్చుకున్నాం. కాల్ సెంటరు వాళ్ళకి ముందే చెప్పి, డెస్క్‌టాపుల ప్రొవిజనింగు ఆపించి, వాళ్ళ ఆదివారం మధ్యాహ్నం పట్టపగలు మొదలెడితే మూడు గంటల్లోపు ముగిసింది. సూపరని మెచ్చుకోలు మెయిలొచ్చింది. అందులో నా పేరుంది.

ఇప్పుడు ఈ 'జస్ట్' బ్యాచ్ వాదనలు ఒక్కొక్కటీ చూద్దాం.

ఒక రకం వాళ్ళున్నారు, వీళ్ళు కాస్త తెలిసినవాళ్ళే. "పాత చెత్తంతా ఎందుకు మొయ్యడం, కొత్త వీసెంటర్ ఖాళీగా పెట్టి హోస్టులని ఒక్కొక్కటే దాన్లోకి లాక్కుంటే పోలా?" అంటారు. చిన్న సెటప్పుకి నేనూ అదే చేస్తాను, తప్పులేదు. కానీ కరణంగారి పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ప్రతి వీఎంకీ వీసెంటర్ లోపల ఒక గుర్తింపు నంబరుంటుంది, సర్వే నంబరు లాగ. కొత్త వీసెంటర్ కొత్త నంబర్లేస్తుంది. పొలం అదే, గట్లు అవే, నంబరు మారింది. బ్యాకప్ సాఫ్ట్‌వేరు పాత నంబరు పట్టుకుని వెతుకుతుంది, దొరకదు, ఇవన్నీ కొత్త వీఎంలు కాబోలనుకుని ఒక్కోదానికీ మొదట్నుంచీ ఫుల్ బ్యాకప్ మొదలెడుతుంది. తొమ్మిది వందల వీఎంలకి ఒకే రాత్రి ఫుల్ బ్యాకప్ పడితే స్టోరేజి వాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటూ ఇంటికొస్తారు. ఫోల్డర్లు, వాటి మీద ఎవరికి ఏ అనుమతి ఉందన్నది, అలారాలు, ట్యాగులు.. ఇవన్నీ వీసెంటర్ డేటాబేసులో ఉంటాయి, హోస్టులతో పాటు రావు. క్లస్టరు మీద డీఆర్ఎస్ ఒక్క క్షణం ఆపితే చాలు, రిసోర్సు పూల్సన్నీ ఎగిరిపోతాయి, మళ్ళీ ఆన్ చేసినంత మాత్రాన తిరిగిరావు. ఇది తెలియక 'ఊరికే ఆపి చూద్దాం' అన్నవాళ్ళని నేను చూశాను.

రెండో రకం, "విజార్డే కదా, నెక్స్టు నెక్స్టు ఫినిష్" అనేవాళ్ళు. వీళ్ళని డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ముందు నిలబెట్టాలి. ఆ స్విచ్ మీద మామూలు పోర్టు గ్రూపులో కొత్త వీఎంకి పోర్టు ఇవ్వాలంటే వీసెంటరే ఇవ్వాలి. మరి మీరు పెట్టబోయే కొత్త వీఎం వీసెంటరే అయితే? పాతది ఆగిపోయి ఉంటే? పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. ఇలాంటి రోజు కోసమే ఎఫెమెరల్ అనే రకం పోర్టు గ్రూపుంది, దానికి హోస్టే సొంతంగా పోర్టు ఇచ్చుకోగలదు. అలాంటిదొకటి ముందే చేసిపెట్టుకోవాలి. ఎప్పుడు? అన్నీ బాగున్న రోజున. ఏ విజార్డూ మిమ్మల్ని అర్ధరాత్రి లేపి ఈ సంగతి చెప్పదు.

పేరు సంగతి మరీనూ. వీసెంటర్‌కి పుట్టినప్పుడు పెట్టిన పేరే దాని ప్రాణం. 2019లో 6.7 అప్‌డేట్ 3 వచ్చేదాకా ఆ పేరు మార్చుకునే దారే లేదు. డీఎన్ఎస్‌లో పేరుకి ఐపీ రావాలి, ఐపీకి మళ్ళీ అదే పేరు రావాలి. ఈ వెనక్కి వచ్చే రికార్డు ఎవరూ పెట్టరు, 'వెబ్‌సైటు తెరుచుకుంటోందిగా' అంటారు. ఇక సర్టిఫికెట్లు. 6.5 అప్‌డేట్ 2 తర్వాత పెట్టిన కొన్నింటిలో లాగిన్ టోకెన్ల మీద సంతకం చేసే సర్టిఫికెట్టుకి రెండేళ్ళే గడువు. అది అయిపోతే, ముందు ఏ హెచ్చరికా లేకుండా, ఒక శుభముహూర్తాన ఎవరూ లాగిన్ అవలేరు. అప్లయెన్సులో రూట్ పాస్‌వర్డుకి మామూలుగా 90 రోజుల గడువుంటుంది. మైగ్రేషన్ రాత్రి అది అయిపోయిందని తెలిస్తే మీ మొహం అద్దంలో చూసుకోండి. ఇవన్నీ ఎవరో ఒకరు ఒక మామూలు బుధవారం మధ్యాహ్నం, టీ తాగుతూ, ఒక్కొక్కటీ చూసుకోవలసిన పనులు. టైంషీటులో దానికి కోడ్ లేదు.

మూడో రకం కొత్తగా తయారయ్యారు. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ వాళ్ళు వీఎంవేర్‌ని కొనడం పూర్తయింది, ఆ డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి, అంతా చందా పద్ధతికి మార్చారు. బిల్లు చూసి కళ్ళు తిరిగినవాళ్ళంతా ఇప్పుడు "కేవీఎం మీదకెళ్ళిపోదాం, ప్రాక్స్‌మాక్స్ ఫ్రీయే కదా" అంటున్నారు. వెళ్ళండి బాబూ, నాకేం బ్రాడ్‌కామ్‌లో షేర్లు లేవు. కేవీఎం 2007 నుంచి లినక్స్ కెర్నెల్లోనే ఉంది, ప్రాక్స్‌మాక్స్ వాళ్ళు 2024లో ఈఎస్ఎక్స్ఐ నుంచి నేరుగా వీఎంలని దిగుమతి చేసుకునే సదుపాయమూ ఇచ్చారు. నా బాధల్లా వెళ్ళే తీరుతోనే. 'మూడు నెలల్లో తొమ్మిది వందల వీఎంలు, నలుగురు మనుషులు' అని స్లైడు వేసినవాడు, విండోస్ వీఎంలో ముందుగా విర్టియో డ్రైవరు ఎక్కించకుండా డిస్కుని విర్టియో మీద పెడితే బూట్ డిస్కే కనపడక నీలం తెర వస్తుందని ఎప్పుడైనా చూశాడా? ఒకే వీసెంటర్ ఇంట్లోంచి ఇంట్లోకి మారడానికే టెస్ట్ చేసుకోనివ్వని వాళ్ళు, ఊరే మారిపోతామంటున్నారు.

డెవలపర్ మిత్రులారా, మీతో కూడా చిన్న పేచీ ఉంది. మీరు ఒక బటన్ రంగు మార్చడానికి యూనిట్ టెస్టు, స్టేజింగు, కోడ్ రివ్యూ, ముందు వందలో ఇద్దరికి చూపించి ఆ తర్వాత అందరికీ.. ఇన్ని చేస్తారు, చెయ్యాలి కూడా. ఆ బటన్ నడిచే సర్వర్ని, ఆ సర్వర్ని నడిపే లెక్కల పుస్తకాన్ని మార్చేటప్పుడు మాత్రం ప్రొడక్షనే టెస్టింగు. ఆదివారం తెల్లవారుజామున కళ్ళు మండుతుండగా మొదటిసారి చేసి చూడాలి. రెండు చోట్లా ఉన్నది బీటెక్ చదివిన ఇంజనీర్లే. ఒకడి తప్పుకి 'బగ్' అని పేరు, అది టికెట్ అవుతుంది. ఇంకొకడి తప్పుకి 'హ్యూమన్ ఎర్రర్' అని పేరు, వాడు రిలీజ్ అవుతాడు.

నేను మైగ్రేషన్లు వద్దనడం లేదు, అలా అర్థం చేసుకుని నా మీద పడకండి. సపోర్టు పోయిన వీసెంటర్‌ని అలాగే ఉంచుకోవడం మహా పాపం. 2024 సెప్టెంబర్‌లో వీసెంటర్‌లో ఒక పెద్ద సెక్యూరిటీ లోపానికి ప్యాచ్ ఇచ్చారు, అది లోపాన్ని పూర్తిగా మూయలేదని అక్టోబర్‌లో మళ్ళీ ఇచ్చారు. సపోర్టు ఉన్నవాళ్ళకే అలా ఉంటే, లేనివాళ్ళ సంగతి చెప్పేదేముంది! మారాలి. త్వరగా మారాలి. వచ్చే శనివారమే మారినా నాకు అభ్యంతరం లేదు, ఈలోపు మూడు పనిరోజులు నాకిస్తే.

మంగళవారం మెయిలుకి బుధవారం జవాబిచ్చాను. అందరికీ కాపీ పెట్టి. గత నెల రోజుల ఈవెంట్లలో ఏయే సర్వీసు అకౌంట్లు వీసెంటర్‌లోకి లాగిన్ అయ్యాయో జాబితా తీసి, ఒక్కోదాని యజమాని ఎవరో చెప్పమని అడిగాను (పదకొండు అకౌంట్లు. నాలుగింటికి ఇంతవరకూ యజమాని దొరకలేదు. నెలాఖరుకి ఒకసారే వచ్చే వాటిని పట్టుకోవడానికి ఫైనాన్సు వాళ్ళని విడిగా అడగాలి). క్లోన్ మీద ఒకసారి 8కి వెళ్ళి, మళ్ళీ 7కి వెనక్కొచ్చి చూపిస్తానన్నాను. డీఆర్ఎస్‌ని ఆ రాత్రికి మాన్యువల్‌లో పెట్టి, పాతదీ కొత్తదీ ఏ హోస్టుల మీదున్నాయో కాగితం మీద రాసి గోడకి అంటిస్తానన్నాను. ఒక్క మనిషి చాలడు, ఇద్దరు కావాలి, ఆ రెండోవాడి మాట బ్రిడ్జి కాల్లో వినాలి అని కూడా రాశాను. గడువు ఆరు గంటలకి అయిపోయిందన్న ఒక్క కారణంతో వెనక్కి తిరగమని చెప్పకూడదు, లాగ్ చూస్తున్నవాడు చెప్పాలి, అని రాశాను.

చివర్లో ఇంకో పేరా రాశాను. ఆ పేరా రాయడానికి మాత్రం రెండు గంటలు పట్టింది. 2022 సెప్టెంబరులో ఆ ఫారంలో ఎస్ పెట్టమన్నది నేను, ఆర్‌సీఏలో ఆ సంగతి దాచింది నేను, దాన్ని ఇప్పుడైనా సరిచెయ్యమని.

పంపేముందు కుర్రాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఇంకో కంపెనీలో నెట్‌వర్కులు చూస్తున్నాడు, వర్చువలైజేషన్ వైపు మళ్ళీ రాలేదు. నీ పేరు రాయట్లేదురా, సంగతి మాత్రం రాస్తున్నా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు ఇంకో గంట ఆగితే అయిపోయేది గదన్నా?" అన్నాడు. మూడేళ్ళు దాటినా వాడికి అదే గుర్తుంది. రెండోసారి చేసే ముందు ఆ పాత లాగుని నేను మొత్తం చదివాను. అవును, యాభై నిమిషాల పని మిగిలుంది. అదే చెప్పాను.

ఆ ఆఖరి పేరాకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. ఛేంజ్ ఫారం మాత్రం రెండుసార్లు వెనక్కొచ్చింది, 'రోల్‌బ్యాక్ వెరిఫైడ్ గడిలో ఎస్ ఉండాలి' అన్న వ్యాఖ్యతో. ఇవాళ పొద్దున్న మూడోసారి నో పెట్టి పంపాను. కింద పేరు నాది.